పెండ్రీ తీగ, బేబీ చెవి

వేగేశ్న బేబీ అనే పేరు పెట్టుకుని లండన్ శివారు హారోలో ఇరవై ఆరేళ్లు బతకడం మాటలు కాదు. డాక్టరు క్లినిక్‌కి వెళ్తే రిసెప్షన్‌లో అమ్మాయి కంప్యూటర్ చూసి, కౌంటర్ మీదుగా వంగి, “బేబీ ఏదీ?” అంటూ చంటిపిల్లల బండి కోసం వెతికేది. “నేనేనమ్మా. పళ్లు కూడా వచ్చేశాయి, చూస్తావా?” అనేది బేబీ. భీమవరం పక్క పల్లెలో ఆరో సంతానంగా పుట్టింది. పేరు సంగతి తర్వాత చూద్దామని అప్పటికి బేబీ అన్నారు. ఆ తర్వాత చూసే తీరిక ఎవరికీ దొరకలేదు.

ఇప్పుడామెకి యాభై తొమ్మిదేళ్లు. భర్త సుబ్బరాజు వాట్‌ఫర్డ్‌లో ఒక ఆఫీసుకి సాఫ్ట్‌వేర్ తప్పులు వెతికిపెడతాడు. కూతురు అనూష ఇల్ఫర్డ్‌లో ఫ్లాట్ తీసుకుని ఉంటుంది, ఆదివారాలు వస్తుంది. బేబీ బస్సెక్కితే పావుగంట దూరంలో ఉన్న కమ్యూనిటీ హాల్లో పనిచేస్తుంది. తలుపులు తీయడం, కుర్చీలు వేయించడం, టీలు పెట్టడం. మంగళవారాలు డ్యూటీ పట్టికలో ఆమె పేరే ఉంటుంది.

నెలలో మొదటి మంగళవారం మధ్యాహ్నం రెండింటికి ఆ హాల్లో పెండ్రీ సొసైటీ కూర్చునేది. పదకొండు మంది సభ్యులు, అందరూ డెబ్భై దాటినవాళ్లే. వాల్టర్ పెండ్రీ అనే జాజ్ వాద్యకారుడి మీద భక్తితో పెట్టుకున్న సంఘం అది. ఆయన వాయించింది బాస్. మనిషికంటే ఎత్తుగా, వయొలిన్‌కి పెద్దన్నలా ఉంటుంది. పక్కన నిలబెట్టి, కావలించుకున్నట్టు పట్టుకుని, లావుపాటి తీగల్ని వేళ్లతో మీటుతారు. పెండ్రీ తర్వాతి కాలంలో సొంతంగా పెద్ద బ్యాండు నడిపి, ఎందరికో దారి చూపించి, ముప్ఫై ఏళ్ల కిందట పోయాడు. కానీ సొసైటీ వాళ్లకి ప్రాణం మాత్రం ఆయన ఇరవై రెండేళ్ల వయసులో, వాట్‌ఫర్డ్‌లోని ఒక స్కూలు హాల్లో వాయించిన ఆరు పాటలు. అసలు టేపు ఎప్పుడో పోయింది. దాన్నుంచి ఎవరో క్యాసెట్‌లోకి ఎక్కించిన నకలొక్కటే మిగిలింది. ఆ క్యాసెట్ సొసైటీ అధ్యక్షుడు జెఫ్రీ టిల్‌బ్రుక్ గారి దగ్గరుంది.

జెఫ్రీ పొడుగాటి మనిషి. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల నెత్తి మీద ఏదో రాసి ఉన్నట్టు అక్కడే చూస్తాడు. ఆ ఆరు పాటల మీద నలభై పేజీల పుస్తకం రాశాడు. అందులో పెద్ద ముక్క మూడో అధ్యాయం. పెండ్రీ కుర్రతనంలో బాస్ తీగలన్నిటినీ అందరికంటే అర స్వరం ఎక్కువ బిగించేవాడనీ, ఆ రహస్య శ్రుతి వల్లే ఆ తొలి పాటలకి అంత కంగారు, అంత మెరుపు వచ్చాయనీ అందులో రుజువు చేశాడు.

బేబీ ఈ పాటల్ని వంటగదికీ హాలుకీ మధ్య గోడలో ఉన్న కిటికీలోంచి వినేది. జాజ్ ఆమెకి తెలియదు. తీగ తెలుసు. చిన్నప్పుడు లక్ష్మీబాయి అనే టీచరు దగ్గర పదకొండేళ్లు వీణ నేర్చుకుంది. ఆవిడ రోజూ ఒక తీగని వెంట్రుకవాసి సడలించి, ఏది సడలిందో చెప్పేదాకా మజ్జిగ కూడా ఇచ్చేది కాదు. ఎండల్లో నేర్చుకున్న చెవి అది, తేలిగ్గా పోదు.

మూడో నెల వింటున్నప్పుడు బేబీకి అనుమానం వచ్చింది. వేలు నొక్కకుండా వదిలేసి మీటిన తీగకి గుమ్మనే మోత ఒకటి ఉంటుంది. పెండ్రీ అన్నిటికంటే లావు తీగని అలా మీటినప్పుడల్లా అది ఎక్కువ శ్రుతిలో పలుకుతోంది. పిల్లల ఆర్కెస్ట్రా వాళ్లు హాలు మూల గదిలో పెట్టుకునే బాస్ ఒకటుంది. అందరూ వెళ్లాక బేబీ దాని లావు తీగని మీటి, ఫోన్లో శ్రుతిపెట్టె పెట్టుకుని పోల్చి చూసింది. సరిగ్గా అర స్వరం తేడా. పోనీ ఆయన నిజంగానే బిగించాడనుకుందామంటే, పాట మొదట్లో ఎవరో దగ్గిన దగ్గు కూడా కోడిపిల్ల దగ్గులా ఉంది. టేపు గబగబా తిరిగితే ఏ గొంతైనా అలాగే సన్నబడుతుంది.

మరుసటి నెల కప్పు అందిస్తూ ఇంగ్లీషులో అడిగేసింది. “సర్, మీ టేపు కాస్త పరిగెడుతున్నట్టుందండీ?”

జెఫ్రీ ఆమె నెత్తి మీదికి చూసి నవ్వాడు. “బేబీ డియర్, పరిగెత్తేది టేపు కాదు, పెండ్రీ మేధస్సు.” సంచీలోంచి పుస్తకం, దాంతోపాటు ఆ పాటల సీడీ తీసి ఆమె చేతిలో పెట్టాడు. “మూడో అధ్యాయం చదువు. కష్టమైన మాటలుంటే నన్నడుగు.”

గోదావరి జిల్లా మనిషితో అనకూడని మాట ఏదన్నా ఉందంటే అదే.

“కష్టమైన మాటలుంటే చెప్తాడంటండీ నాకు!” అంది ఆ సాయంత్రం సుబ్బరాజుతో, వంకాయలు తరుగుతూ. వంకాయలు మామూలుకంటే చిన్న ముక్కలయ్యాయి.

“పోనిద్దూ బేబీ. పెద్దాయన.”

“పెద్దాయనైతే చెవులుండక్కర్లేదాండీ?”

ఆదివారం అనూష వచ్చింది. తల్లి సీడీ చేతికిచ్చి, పాటని కొద్దికొద్దిగా నెమ్మది చేయమంది. అనూష లాప్‌టాప్‌లో ఏదో నొక్కుతుంటే బేబీ కళ్లు మూసుకుని, “ఇంకొంచెం... ఇంకొంచెం... ఆ, ఆపు” అంది. లావు తీగ, ఆమె చెవిలో నిలిచిన హాలు బాస్ శ్రుతితో కలిసిపోయింది. దగ్గు మగవాడి దగ్గయింది. ఇక పెండ్రీ! అంతవరకూ బస్సు వెళ్లిపోతోందని పరిగెత్తుతున్నట్టున్న మనిషి, భోజనం చేసి అరుగు మీద కూర్చుని తాపీగా కబుర్లు చెప్తున్నట్టు మారిపోయాడు.

“ఓ మై గాడ్, అమ్మా. యూ హావ్ టు టెల్ దెమ్.”

“చెప్పానే. చెప్తే పుస్తకమిచ్చాడు. ఈసారి చెప్పను.”

“వాట్ ఆర్ యూ గోయింగ్ టు డూ?”

బేబీ వంటగదిలోకి పోయింది. లోపల్నుంచి నవ్వు వినపడింది.

సొసైటీలో చివరి పావుగంట ఒక ఆట ఉండేది. ఎవరో ఒకరు ఒక ముక్క వినిపిస్తే, వాయించిందెవరో మిగతావాళ్లు చెప్పాలి. తర్వాతి మంగళవారం బేబీ చేతులు తుడుచుకుంటూ హాల్లోకొచ్చి, తనూ ఒకటి తెచ్చానంది.

“మా భీమవరంలో సదాశివం గారని ఉన్నారండీ. మీ పెండ్రీ గారంటే పిచ్చి. ఆయన మొదటి పాటలో బాస్ ఒక్కటే వాయించే చోటుంది కదా, దాన్ని వినీ వినీ అచ్చంగా దింపేశారు. మీరు విని ఎలా ఉందో చెప్తే ఆయనకి చెప్తాను.”

భీమవరంలో కూడా పెండ్రీ భక్తుడున్నాడని అందరూ పొంగిపోయారు. బేబీ ఫోన్‌ని స్పీకరుకి తగిలించి, తాను నెమ్మది చేసిన పెండ్రీని ఒక్క నిమిషం వినిపించింది.

జెఫ్రీ వేళ్లు జోడించి విన్నాడు. “మెచ్చుకోవాల్సిందే. ఒక్క స్వరం పొల్లుపోలేదు. పాత మెషీన్ మీద రికార్డు చేసుకున్నట్టున్నాడు, ఆ బుసబుస కూడా బాగుంది. కానీ పాపం, రహస్య శ్రుతి తెలియదు. అందుకే అర స్వరం కిందున్నాడు. పెండ్రీలో ఉన్న మంట ఇందులో లేదు. నకలు చేసేవాడికి అన్నీ వస్తాయి, ప్రాణం ఒక్కటి రాదు.”

“నాకైతే ఇదే బాగుంది,” అన్నాడు క్లైవ్. అతను రిటైరైన పోస్ట్‌మ్యాన్. మరో ఇద్దరు మెల్లిగా తలూపారు. జెఫ్రీకి రోషమొచ్చింది. వచ్చే నెల రెండింటినీ పక్కపక్కన పెట్టి అసలుకీ నకలుకీ తేడా వివరిస్తానని ప్రకటించాడు.

బేబీ కప్పులు కడుగుతుంటే వెనక చప్పుడైంది. డొరీన్. ఎనభై ఎనిమిదేళ్ల ముసలావిడ. రెండేళ్లుగా సొసైటీకి వస్తోంది. ఎప్పుడూ చివరి వరసలో కునుకు తీస్తూ ఉంటుంది. ఈసారి కళ్లు తడిగా, నిద్రమత్తు లేకుండా ఉన్నాయి.

“బేబీ, మీ సదాశివం గారు చనిపోయి ముప్ఫై ఏళ్లవుతోంది కదూ?”

బేబీ చేతిలో కప్పు జారి నీళ్లల్లో పడింది.

“ఆ టేపు రికార్డరు మీట నొక్కింది నేనే,” అంది డొరీన్, అక్కడున్న స్టూలు మీద కూర్చుంటూ. “ఆ స్కూల్లో గుమస్తాని. హెడ్‌మాస్టరుకి తెలియకుండా మెషీన్ బయటికి తెచ్చాను. ఆ ఏడాదంతా వాల్టర్, నేను... సరేలే. ఇన్నాళ్లూ ఇక్కడ వింటుంటే అతనిలా అనిపించేది కాదు. నా చెవులే ముసలివైపోయాయనుకున్నాను. ఇందాక విన్నానమ్మా ఆనాటి వాల్టర్‌ని, అరవై ఏడేళ్ల తర్వాత.”

“మరి ఇంతకాలం వీళ్లకి చెప్పలేదేంటండీ, మీరే రికార్డు చేశారని?”

“ఎవరూ అడగలేదు. బిస్కెట్ కావాలా అని మాత్రమే అడుగుతారు.”

బేబీ ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఇప్పుడే హాల్లోకి వెళ్లి తప్పు ఒప్పేసుకుంటానంది. డొరీన్ ఆమె కొంగు పట్టుకుని ఆపింది. “ఆగు. జెఫ్రీ వచ్చే నెల ఉపన్యాసమిస్తానన్నాడుగా. ఇవ్వనీ.”

ఆ నెలంతా ఇద్దరికీ పండగే. జెఫ్రీ ఈమెయిల్లో సదాశివం గారి జీవితం గురించి ప్రశ్నలు పంపేవాడు. డొరీన్ వాల్టర్ సంగతులు చెప్పేది, బేబీ వాటిని భీమవరానికి తరలించేది. వాల్టర్ పాలబండి మీద బాస్ మోసుకెళ్తే, సదాశివం గారు చేపల లారీలో మోసుకెళ్లారు. వాల్టర్‌ని ఇంటావిడ చప్పుడు భరించలేక గది ఖాళీ చేయించింది. సదాశివం గారిని శేషమ్మ అనే ఇంటావిడ ఖాళీ చేయించింది. ఆ పేరు పెట్టినప్పుడు డొరీన్ దాన్ని మూడుసార్లు పలికించుకుని, మూడుసార్లూ నవ్వింది. సుబ్బరాజు మాత్రం నిద్రలో ఉలిక్కిపడేవాడు. “ఇలాంటివి చేస్తే పౌరసత్వం వెనక్కి తీసుకుంటారేమోనే?” అనేవాడు. “జాజ్ విషయంలో తీసుకోరండీ, పడుకోండి,” అనేది బేబీ.

ఉపన్యాసం రోజు పదకొండు మందీ వచ్చారు. జెఫ్రీ టై కట్టుకొచ్చాడు. నలభై నిమిషాలు మాట్లాడాడు. పెండ్రీలో యవ్వనముందన్నాడు, సదాశివంలో శ్రద్ధ మాత్రమే ఉందన్నాడు. చేపల లారీ ప్రభావం కూడా కొంత కనిపిస్తోందన్నాడు. కిటికీ వెనక బేబీ కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత రెండు ముక్కలూ ఒకదాని వెంట ఒకటి వినిపించాడు.

క్లైవ్ చెయ్యెత్తాడు. “జెఫ్రీ, మధ్యలో ఒకచోట కుర్చీ కిర్రుమంది. రెండింట్లోనూ అక్కడే అంటోందేంటి?”

మళ్లీ వేశారు. కిర్రు. రెండోది వేశారు. అదే చోట, కాస్త లావుగా, కిర్రు.

చివరి వరసలోంచి డొరీన్ లేచి నిలబడింది.

“ఆ కుర్చీ నాది. టేపు అయిపోవస్తోందేమో చూద్దామని లేచాను. వాల్టర్ నన్ను కొరకొరా చూశాడు.”

ఆవిడ నెమ్మదిగా అంతా చెప్పింది. బేబీ బయటికొచ్చి మిగతాది చెప్పింది. క్యాసెట్‌లోకి ఎక్కించినప్పుడు ఏ మెషీనో తేడాగా తిరిగి ఉంటుందనీ, రహస్య శ్రుతి అదేననీ. నవ్వుదామని వచ్చిన మనిషికి జెఫ్రీ ముఖం చూశాక నవ్వు రాలేదు. ఆయన ఎర్రబడి, తర్వాత తెల్లబడి, కుర్చీలో కూలబడ్డాడు. మొదటిసారి బేబీ కళ్లల్లోకి సూటిగా చూశాడు.

“రెండోది మళ్లీ వెయ్యగలవా?”

వేసింది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. “నలభై ఏళ్లు ఆయన తొందరలో ఉన్నాడనుకున్నాను,” అన్నాడు. “అసలు తొందరే లేదు.”

బేబీ అడక్కుండానే ఆయనకి టీ పెట్టి, ఇంటి నుంచి తెచ్చుకున్న జంతికలు పక్కన పెట్టింది. ఆయన ఒకటి కొరికాడు. “ఇంతకీ సదాశివం అనే మనిషున్నాడా?”

“ఉన్నారండీ. మా మేనమామ. రొయ్యల మేత అమ్ముతారు.”

“సంగీతం?”

“లారీ హారన్ బాగా కొడతారండి.”

జెఫ్రీ గొంతుకి జంతిక అడ్డం పడి, దగ్గి, నవ్వాడు.

మరుసటి నెల ఆయన రాలేదు. ఆ పై నెల వచ్చాడు. మూడో అధ్యాయాన్ని ఎర్రసిరాతో కొట్టేసిన పుస్తకం, క్యాసెట్టు రెండూ తెచ్చి బేబీ ముందు పెట్టి, మిగతా ఐదు పాటలూ కూడా సరిచేసి పెట్టమని అడిగాడు. ఈసారి డియర్ అనలేదు, మిసెస్ వేగేశ్న అన్నాడు. ఆ పేరు పలకడం ఇంట్లో అభ్యాసం చేసి వచ్చినట్టుంది.

ఇప్పుడు గురువారాలు హాలు ఖాళీగా ఉన్నప్పుడు బేబీ, డొరీన్ లాప్‌టాప్ ముందు కూర్చుంటున్నారు. అనూష నేర్పిన నొక్కుళ్లు బేబీకి వచ్చేశాయి. నాలుగు పాటలు సాఫీగా అయిపోయాయి. ఐదోది సరైన వేగానికి వచ్చేసరికి, మధ్యలో ఒక స్వరం దగ్గర బేబీ మొహం చిట్లించింది. వెనక్కి తిప్పి మళ్లీ విన్నది. పరుగులో ఇన్నాళ్లూ ఎవరికీ దొరకలేదు గానీ, పెండ్రీ అక్కడ ఖాయంగా తప్పు వాయించాడు. వేలు పక్క స్వరం మీద పడింది.

డొరీన్ ముందుకి వంగింది. “మళ్లీ వెయ్యి.” విన్నది. ఆవిడ భుజాలు ఊగిపోయాయి. “ఆ రోజు ఈ పాట చెరిపేయమని నా వెంటపడ్డాడు. తప్పు పియానో అబ్బాయిదన్నాడు. ఆ పిల్లాడు నా ముందే ఏడ్చాడు. బతికినన్నాళ్లూ వాల్టర్ ఆ మాట మీదే ఉన్నాడు.”

“దీన్ని తీసేయడం ఒక్క నొక్కుడు పనేనండీ,” అంది బేబీ. “తీసెయ్యమంటారా?”

డొరీన్ బిస్కెట్ టీలో ముంచుకుని, తీరిగ్గా కొరుక్కుంది.

“ముట్టుకోకు. వీలైతే కాస్త పెద్దగా వినిపించేటట్టు చెయ్యి.”