ఒక్కడినే పోతే వచ్చే మోత

మన గొంతు మనకే కొత్తగా వినిపించే రోజులు కొన్ని ఉంటాయి. షాద్‌నగర్‌లో ఉద్యోగం చేసిన ఆ రోజుల్లో నా పరిస్థితి అచ్చం అదే. పొద్దున లేచి ఎవరితోనూ మాట్లాడకుండా ఫ్యాక్టరీకి పోవడం, అక్కడ మిషన్ల హోరుకు చెవుల్లో రబ్బరు బిరడాలు పెట్టుకుని సైగలతోనే పని కానివ్వడం, సాయంత్రం గదికి వచ్చి తాళం తీసుకుని లోపలికి పోవడం. కర్రీ పాయింట్ ఆయనతో "పప్పు" అనే మాట ఒక్కటే నా రోజు మొత్తం సంభాషణ (కొన్నాళ్లకు నన్ను చూడగానే ఆయనే పప్పు కట్టి చేతిలో పెట్టడం మొదలుపెట్టాడు. దాంతో ఆ మాట కూడా పోయింది). అంతకుముందు ఇలా ఉండేది కాదు. గదిలో నాతోపాటు పొడుగోడని నా దోస్తు ఉండేవాడు. వాడు నిద్రలో కూడా మాట్లాడేవాడు.

పొడుగోడి సలహా మీదే నేను సెకండ్ హ్యాండ్‌లో మ్యాక్సీ స్కూటర్ కొన్నాను. ముందు పెద్ద అద్దం, వెనక దివాన్ లాంటి సీటు. మా దిక్కు అలాంటివి అప్పుడప్పుడే కనబడుతున్నాయి కాబట్టి ఎక్కడ ఆపినా "గిది స్కూటరా, బస్సా?" అని అడిగేవాళ్లు. ఇద్దరం ఒకే ఫ్యాక్టరీ కాబట్టి రోజూ దాని మీదే పోయేవాళ్లం. "వెనక కూసుంటే సోఫల కూసున్నట్టే ఉంది రా" అని వాడు ఊరంతా చెప్పేవాడు. ఇంతలో వాడికి బెంగళూరులో కొలువు దొరికింది. బస్సెక్కించి వచ్చాను. వాడు పోయాక గది పెద్దదయింది, బండికి మోత మొదలైంది.

బైపాస్ ఎక్కి కాస్త వేగం అందుకోగానే ఎక్కడో కింద కటకటకటమని కొట్టుకునేది. వేగం తగ్గిస్తే ఆగిపోయేది. స్టాండు వేసి ఎంత రేస్ ఇచ్చినా వచ్చేది కాదు. ఫోన్‌లో రికార్డు చేద్దామంటే గాలి హోరు తప్ప ఏమీ పడలేదు. చివరికి మా వీధి చివర షెడ్డులో ఉన్న మెకానిక్ దగ్గరికి పోయాను. ఆయన్ని అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. "మోత ఎట్లొస్తాంది తమ్మీ? గరగర అంటాందా, కిర్రుకిర్రు అంటాందా, కటకట అంటాందా?" అని అడిగాడు. గరగర అయితే బెల్టు అట, కిర్రుకిర్రు అయితే బేరింగ్ అట, కటకట అయితే లోపల రోలర్లు అరిగినట్టట. నేను నోటితో మోత చేసి చూపించాను. ఆయన కళ్లు మూసుకుని విని, "మళ్లొకసారి అను" అన్నాడు. మళ్లీ అన్నాను. షెడ్డులో కూర్చున్నవాళ్లందరూ పని ఆపి నన్నే చూస్తున్నారు. చాలా రోజుల తర్వాత అంతమంది నేను చెప్పేది వినడం అదే మొదటిసారి కాబట్టి, అవసరానికి మించి ఇంకో రెండుసార్లు చేశాను.

ఉస్తాద్ పద్ధతి వేరు. ఎవరి బండినీ ఆయన నడిపి చూడడు. "నేను నడిపితే నా చెయ్యి మోత వినొస్తది. నువ్వు నడుపు, నేను వింట" అని వెనక కూర్చుని కళ్లు మూసుకుంటాడు. బైపాస్ మీద ఎంత దూరం పోయినా మోత రాలేదు. దిగి, "మంచిగనే ఉంది గద తమ్మీ" అన్నాడు. ఆయన్ని దింపి ఒక్కడినే రోడ్డెక్కగానే కటకటకట! వెనక్కి తిరిగి వచ్చి చెబితే మళ్లీ ఎక్కాడు, మళ్లీ నిశ్శబ్దం. నా పట్టు చూసి సైడు కవర్ విప్పి బెల్టు, రోలర్లు, క్లచ్చు అన్నీ చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. ఆ తర్వాత ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ను, పక్క గది పంతులుగారిని, చివరికి కర్రీ పాయింట్ ఆయన్ని కూడా ఎక్కించుకుని తిప్పాను. ఎవరు ఎక్కినా బండి బుద్ధిగా ఉండేది. వాళ్లు సోఫాను మెచ్చుకుని దిగిపోయేవాళ్లు. కొన్నాళ్లకు నన్ను చూస్తే పక్క సందులోకి తిరగడం కూడా నేర్చుకున్నారు.

కొత్తకోటలో ఉన్న మా అమ్మకు ఫోన్‌లో ఈ సంగతి చెప్పడం నేను చేసిన తెలివితక్కువ పని. ఆమె కాసేపు విని, "మోత బండిల లేదు బిడ్డా, నీ చెవులల్ల ఉంది. ఒక్కనివే ఉండి ఉండి గిట్ల అయితున్నవ్. నెల కాంగనే కొలువు ఇడిచిపెట్టి ఇంటికి రా. మీ మామ సిమెంటు దుకాణంల కూసుందువు" అంది. మా ఇంట్లో నెల జీతం తెచ్చుకున్న మొదటివాణ్ణి నేను. ఆ ఉద్యోగం కోసం ఎంత తిరిగానో ఆమెకూ తెలుసు. అయినా ఆ మాటకు గట్టిగా ఎదురు చెప్పలేకపోయాను. ఎందుకంటే, లోపల నాకూ అదే భయం పట్టుకుంది. గదిలో ఫ్యాను ఆపేసి, ఏమన్నా వినిపిస్తుందేమోనని ఊరికే కూర్చునేవాణ్ణి. మోత నిజమని ఎవరైనా ఒక్కరు చెబితే చాలు, అమ్మకు జవాబు చెప్పుకోవచ్చు. ఆ ఒక్కరు దొరకలేదు.

మా ఇంటి ఓనరు వాళ్ల అవ్వ కింద వాటాలో ఉండేది. చిన్నప్పుడు ఊళ్లో దొరల పొలాల్లో కూలి చేసిందట. ఇప్పుడు ఆదివారం వస్తే తెల్లచీర కట్టుకుని, బైబిలు సంచి చంకన వేసుకుని చర్చికి పోయేది. ఒక ఆదివారం తన చిన్నకూతురు వాళ్ల ఊరి చర్చికి పోవాలని, ఆటో దొరకలేదని గుమ్మంలో నిలబడింది. "నీ సోఫ బండి మీద జర దింపుతవా బిడ్డా?" అంది. దింపుతానన్నాను. ఆమె పక్కకు తిరిగి, రెండు కాళ్లూ ఎడమ వైపుకే వేసుకుని కూర్చుంది. బైపాస్ ఎక్కాం. కటకటకట!

"ఏందిరా బిడ్డా, కోళ్ల గంప మూత లెక్క కొట్టుకుంటాంది?" అంది అవ్వ.

బండి పక్కకు ఆపేశాను. "ఇనొచ్చిందా అవ్వా? నిజంగ ఇనొచ్చిందా?"

"నాకేమన్న చెవుడా?"

ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. ఏడుపొచ్చినంత పనైంది (అవ్వ మాత్రం బండి పాడైనందుకు ఏడుస్తున్నాననుకుని, "ఊకో బిడ్డా, ఇనుమే గద" అని ఓదార్చింది). అప్పుడు ఆలోచించాను. ఇంతమంది ఎక్కితే రాని మోత అవ్వ ఎక్కితే ఎందుకొచ్చింది? మగవాళ్లంతా చెరోవైపు కాలు వేసుకుని కూర్చున్నారు. అవ్వ కాళ్లు రెండూ ఒకే వైపున్నాయి. అంటే, కుడివైపు కాలు పెట్టుకునే ఫుట్‌రెస్ట్ ఖాళీ. మళ్లీ బయల్దేరి, నా కుడికాలు వెనక్కి చాపి దాని మీద నొక్కాను. మోత ఆగింది. కాలు తీశాను. కటకట. నొక్కాను, ఆగింది. "తన్నులాడుతవేందిరా, సక్కగ నడుపు!" అని అవ్వ వీపు మీద ఒక్కటిచ్చింది.

చర్చి ముందు నిలబడే అమ్మకు ఫోన్ చేసి అవ్వ చేతికిచ్చాను. "నీ కొడుకు మంచిగనే ఉన్నడమ్మా, నేనూ ఇన్న. బండిదే తప్పు" అని అవ్వ సాక్ష్యం చెప్పింది. అమ్మ చాలాసేపు ఆమెతో మాట్లాడింది. సిమెంటు దుకాణం మాట ఆ తర్వాత ఎత్తలేదు. ప్రార్థన అయ్యాక అవ్వ పాస్టర్‌ను పిలిచి, వద్దంటున్నా వినకుండా బండికి కూడా ప్రార్థన చేయించింది.

ఉస్తాద్ అంతా విని నెత్తి కొట్టుకున్నాడు. "వెనక సవారి లేనప్పుడు ఆ ఫుట్‌రెస్టులు లోపలికి మడిచిపెట్టాలె గద తమ్మీ. మడిస్తే మోతనే రాదు." ఆ సంగతి నాకు తెలుసు. పొడుగోడు పోయినప్పటి నుంచీ అవి తెరిచే ఉన్నాయి. మడిచేస్తే ఇక వెనక ఎవరూ కూర్చోరని నేనే ఒప్పుకున్నట్టు అనిపించేది. అది ఉస్తాద్‌కు చెప్పలేదు. ఆయన కీలు దగ్గర ఒక రబ్బరు ముక్క వేసి బోల్టు బిగించాడు.

ఆ సాయంత్రం పొడుగోడికి ఫోన్ చేసి, మోత ఫుట్‌రెస్ట్‌దని చెప్పాను.

"కుడి దిక్కుదేనా? అది నువ్వు కొన్ననాడే వదులుంది రా. నేను కాలుతోటి ఒత్తిపట్టి కూసుంటుంటి" అన్నాడు.

"మరి చెప్పవేందిరా?"

"అంత ముచ్చటపడి కొంటివి. చెప్తే పరేషానైతవని చెప్పలే. పోయేనాడు చెప్దామనుకున్న, అంతల్నే బస్సు కదిలింది."

అంతకాలం బండి దానంతటదే నిశ్శబ్దంగా ఉందనుకున్నాను.

ఇప్పుడు మాకు ఇద్దరికీ సంసారాలున్నాయి, పొట్టలున్నాయి. మొన్న వాడు వస్తే, తుప్పుపట్టినా అమ్మకుండా ఉంచుకున్న ఆ స్కూటర్ మీదే చాయ్‌కి తీసుకుపోయాను. బైపాస్ ఎక్కగానే వాడి కుడికాలు బిగుసుకోవడం నాకు తెలుస్తూనే ఉంది. పాపం, పోయి వచ్చేదాకా ఒత్తిపట్టుకునే కూర్చున్నాడు. అది ఎప్పుడో బాగయిందని నేను చెప్పలేదు.