కొలవకుండా రాసిన అంకె

మా సారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను పనిలో ఉన్నాను. ఒకప్పుడు ఫ్యాక్టరీలో నాతో పాటు పనిచేసిన మిత్రుడు, "సారు పోయిండు రా. పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నడట, గట్లనే పోయిండు" అన్నాడు. "వస్తున్న" అని ఫోన్ జేబులో పెట్టుకుని, చేతిలో ఉన్న పని పూర్తి చేసే కదిలాను. అలా ఎందుకు చేశానో నాకే తెలియదు. తర్వాత మాత్రం ఒక మూలన కూర్చుని ఏడ్చాను.

మేడ్చల్‌లో సంతాప సభ పెట్టారు. మాట్లాడినవాళ్లందరూ "జీవితంలో ఒక్క తప్పు కూడా చేయని మనిషి" అన్నారు. నాకు ఒళ్లు మండింది. పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలి, కాదనను. కానీ ఆ మాట వింటే సారుకు నాకంటే ఎక్కువ మండేది. అందుకే ఇది రాస్తున్నాను.

తొంభైల చివర్లో మేడ్చల్ దగ్గర ఒక రసాయనాల ఫ్యాక్టరీలో ఆయన తనిఖీ విభాగానికి పెద్ద. నేను ఆయన కింద కాంట్రాక్టు మనిషిని. పెద్ద పెద్ద ఇనుప ట్యాంకులకు ఎక్కడ తుప్పు పట్టింది, ప్లేటు ఎంత పలచబడింది అని చూడటం మా పని. దానికి ఒక సర్టిఫికెట్ పరీక్ష ఉంది. అది పాసైతే ఇన్‌స్పెక్టర్, పర్మినెంట్. లేకపోతే ఎన్నేళ్లయినా మందం కొలిచే మీటరు మోసే మనిషే.

ఆ పరీక్షకు సారు ఆదివారం పొద్దున తన ఇంటి మేడ మీద పాఠం చెప్పేవారు. సూరారం నుంచి వెల్డర్లు, దుండిగల్ నుంచి ఫిట్టర్లు షేర్ ఆటోల్లో దిగేవాళ్లు. నేను శామీర్‌పేట నుంచి సైకిల్ తొక్కుకుంటూ వెళ్లేవాణ్ణి. పరీక్షలో కొంత పుస్తకం మూసి రాయాలి, కొంత తెరిచి రాయాలి. మూసినా తెరిచినా అంతా ఇంగ్లీషే. ఆ వాక్యాలు చూస్తే మాకు కళ్లు తిరిగేవి. నిబంధనల్లో 'షల్' అనీ 'షుడ్' అనీ పదే పదే వచ్చేది. "షల్ అంటె మీ అవ్వ జెప్పినట్టు, చెయ్యాల్సిందే. షుడ్ అంటె పక్కింటి పెద్దమనిషి జెప్పినట్టు, జేస్తె మంచిది" అనేవారు సారు. ఆ తేడా నేను ఇంతవరకూ మర్చిపోలేదు.

ఎవరింటికి వెళ్లినా ముందు గేటు అడుగున గోటితో గీకి చూడటం ఆయనకు అలవాటు. కూతురికి సంబంధం చూడబోయి, కాబోయే వియ్యంకుడి గేటు కూడా గీకారట. ఆ సంగతి వాళ్లావిడ నవ్వుతూనే చెప్పేది కానీ, అప్పుడు తలకొట్టేసినట్టయిందట. "తుప్పుకు మీరంటె మొహమాటం లేదు. మీకెందుకు రా తుప్పంటె మొహమాటం? ఉన్నదున్నట్టు రాయుండ్రి" అనేవారు మాతో.

నేను ఉన్నదున్నట్టు రాయలేదు. ప్రతి ట్యాంకుకూ నంబర్లు వేసిన పాయింట్లు ఉంటాయి. ఏటా అదే చోట మీటరు పెట్టి మందం కొలిచి కాగితంలో నింపాలి. ఒక ట్యాంకుకు పదిహేడో పాయింటు నిచ్చెన వెనక, పైపు ఆనుకునే దిమ్మె సందులో ఉండేది. నేల మీద పక్కకు పడుకుంటే గానీ చెయ్యి అందదు. మే నెల ఎండ. పోయినేడు 7.6 మిల్లీమీటర్లని ఉంది, నేను 7.5 అని రాసేశాను. ఎవరు చూడొచ్చారు అనుకున్నాను. మరో రెండు రోజుల్లో పరీక్ష దరఖాస్తుకు ఆఖరి తేదీ. దానికి సారు సంతకంతో అనుభవ పత్రం జతచేయాలి, నా ధ్యాసంతా దాని మీదే.

సారు కాగితం చూశారు, నన్ను చూశారు. "ఆడ పండుకోకుంట చెయ్యి పోదు గదరా. నీ అంగికి మట్టేది?" అన్నారు.

నన్ను వెంటబెట్టుకుని వెళ్లి తానే పడుకున్నారు. గీకి, గ్రీజు రాసి మీటరు పెడితే 4.1 వచ్చింది. తుడిచి మళ్లీ పెట్టారు. మళ్లీ 4.1.

తిడతారని నిలబడ్డాను. ఆయన అక్కడే కూర్చుని, ఆదివారాలు మాతో చేయించే లెక్కను అరచేతి మీద పెన్నుతో వేశారు. పోయినేటి మందంలోంచి ఈ ఏటి మందం తీసేస్తే ఏడాదిలో తుప్పు ఎంత తిన్నదో తెలుస్తుంది. మూడున్నర మిల్లీమీటర్లు. మిగతా పాయింట్లలో ఏడాదికి పదో వంతు మిల్లీమీటరు కూడా పోవడం లేదు. ఎంత వాన నీళ్లు నిలిచే సందయినా ఒక్క ఏడాదిలో అంత తినదు. అంటే పోయినేడు రాసిన 7.6 కూడా అబద్ధమే. ఆ కాగితం మీద సంతకం సారుది.

"నేను గూడ పండుకోలే రా," అన్నారు. "నడుము నొస్తుందని ముందటేటిది జూసి రాసిన."

ఆ ట్యాంకు నీడలోనే ప్యాకింగ్ పనికి వచ్చే ఆడవాళ్లు మధ్యాహ్నం సద్ది విప్పుకుని తినేవాళ్లు. అప్పుడూ తింటున్నారు. సారు లేచి వెళ్లి వాళ్లను దూరంగా కూర్చోమన్నారు, ట్యాంకు ఖాళీ చేయించారు. తర్వాత తన తప్పంతా కంపెనీ పెద్దలకు ఉత్తరంగా రాయడం మొదలుపెట్టారు.

"సారూ, గా ఉత్తరం సోమవారం ఇయ్యుండ్రి. రేపు నా కాయితం మీద సంతకం పెట్టుండ్రి. నా బతుకు దాని మీదనే ఉంది" అని బతిమాలాను.

ఆయన పెన్ను పక్కన పెట్టారు. "కొలవకుంట రాసేటోళ్లం ఇద్దరం. నీకు అనుభవం ఉన్నదని నేనెట్ల రాస్త రా?" అన్నారు.

ఆ ఏడు పరీక్ష పోయింది. సారుకు సంతకం పెట్టే అధికారం పోయింది. నేను సారును నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. ఆయన తప్పు ఆయన ఒప్పుకుంటే గొప్ప, నా పొట్ట ఎందుకు కొట్టాలి అనుకున్నాను. నాలుగు ఆదివారాలు పాఠానికి వెళ్లలేదు.

అయిదో ఆదివారం ఆయనే బస్సెక్కి శామీర్‌పేట వచ్చారు. మేం చేపలు పట్టే వాళ్లం. బాపు వాకిట్లో వల అల్లుతున్నాడు. సారు ఆయన పక్కనే నేల మీద కూర్చున్నారు. "మీ పిల్లగాని తప్పు కంటె నా తప్పు పెద్దది. నన్ను జూసే నేర్చుకున్నడు" అన్నారు.

బాపుకు ట్యాంకులు, పాయింట్లు ఏం అర్థమయ్యాయో తెలియదు. వల పక్కన పెట్టి, "ఇంత దూరమొచ్చి గీ మాట ఎవరు జెప్తరు సారూ! ఇగ బువ్వ తినే పోవాలె" అన్నాడు. నేను చాటున నిలబడి విన్నాను. సిగ్గుతో ఎదురు పోలేకపోయాను. సారు చేపల పులుసు మళ్లీ అడిగి వేయించుకున్నారు.

తర్వాత ఇద్దరం ఫ్యాక్టరీలో ప్రతి ట్యాంకునూ మొదటి పాయింటు నుంచి మళ్లీ కొలిచాం. నెలలు పట్టింది. బయటి నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు అన్నీ సరిచూశాక ఆయన అధికారం ఆయనకు తిరిగొచ్చింది. మొదటి సంతకం నా అనుభవ పత్రం మీదే పెట్టారు. నేను పరీక్ష పాసయ్యాను. ఈ రోజు నేను తినే అన్నం ఆయన పెట్టని సంతకం వల్లా, పెట్టిన సంతకం వల్లా వచ్చింది.

ఇది ఆయన దాచుకున్న రహస్యమేమీ కాదు. రెండు వేల సంవత్సరంలో రిటైరయ్యాక కూడా మేడ మీద పాఠాలు మానలేదు. కొత్తవాళ్లు చేరిన మొదటి ఆదివారం నల్లబల్ల మీద 7.6, 4.1 అని రాసి, ఒక ఏడాది లెక్క చేయమనేవారు. మూడున్నర రాగానే వాళ్లు కంగారుపడి కొట్టేసి మళ్లీ చేసేవాళ్లు. మళ్లీ అంతే వచ్చేది. చివరికి ఎవరో ఒకరు, "సారూ, లెక్క తప్పొస్తాంది" అనేవారు.

"లెక్క కరెక్టే. రాసినోడే తప్పు రాసిండు. ఎవడనుకున్నరు? నేనే" అని సుద్దముక్కతో తన గుండె మీద పొడుచుకుని చూపించేవారు. ఆ తర్వాత చాయ్ వచ్చేది, కబుర్లు నడిచేవి, ఎండెక్కి అందరూ మెట్లు దిగేవాళ్లు. సారు గేటు దాకా వచ్చి సాగనంపేవారు. చొక్కా మీద ఆ తెల్లటి సుద్ద మరక అలాగే ఉండేది. ఆయన దులుపుకునేవారు కాదు.