మీటరు వినని మోత

స్టీల్ ప్లాంటులో కొలిమి వేడి కొలవడం నా ఉద్యోగం. ఈ రోజు సెలవని, నా సొంత డిజిటల్ మీటరు పట్టుకుని తగరపువలసలో కుండలు చేసే సింహాచలం దగ్గరికి వెళ్లాను. పొద్దున ఆవం మండుతుంటే మీటరు పెట్టి, కుండలు కాలడానికి ఈ వేడి చాలదన్నాను. అతను మంట రంగు చూసి, చాలంటూ కట్టెలు లాగేశాడు. సాయంత్రం ఒక కుండ తీసి వేలితో కొడితే ఖంగుమంది.

సిగ్గుపడి మీటరు సర్దుకుంటుంటే, "అది నాకిచ్చీ బావా" అన్నాడు.

"నీకెందుకు? నీ కన్ను చాలుగా!"

"నాక్కాదు, కొనీవోలకి. మోత ఇనిపిత్తే నమ్మట్నేదు. ఏ నంబరైనా సూపిత్తే నమ్ముతారు."

ఇచ్చేశాను. బదులుగా అతనిచ్చిన కుండను ఇంటికొచ్చి నాలుగుసార్లు కొట్టాను. మోగుతోంది. అది మంచి మోతేనా? మీలో ఎవరికైనా వినడం వస్తే చెప్పండి.