కళ్లు తెరిచిన ఒక్క ఫోటో

గద్వాలలో మా అక్క ఫోటో స్టూడియోకి ఉన్నది ఒకే ఒక్క కంప్యూటర్. ఆ మహాతల్లికి సమయం చూసుకుని వైరస్ పట్టింది. విండోస్ తెరుచుకున్నట్టే తెరుచుకుని, ఫోటోల దగ్గరికి పోయేలోపు ఠక్కున ఆరిపోయి మళ్లీ మొదటికొచ్చేది. వనపర్తిలో డిగ్రీ కంప్యూటర్లు చదువుతున్న పాపానికి నన్ను పిలిపించింది.

వేరే రోజైతే అంతా తుడిచేసి మళ్లీ విండోస్ ఎక్కించేవాళ్లం. ఈసారి తుడవడానికి లేదు. మాఘమాసంలో మా గల్లీ చివరింట్లో పెళ్లయింది. అప్పగింతల పసుపుబట్టలు ఆరాయో లేదో, పెళ్లికూతురి తండ్రి గుండె ఆగి పోయాడు. నేను వచ్చిన మర్నాడే ఆయన దినం. గోడకు పెట్టి దండ వేయడానికి పెద్ద ఫోటో కావాలి. ఆ మనిషికి ఫ్లాష్ మెరిసిందంటే చాలు, కళ్లు మూతపడేవి. వాళ్లింట్లో ఏ ఫోటో తీసినా ఆయన నిద్రపోతున్నట్టే ఉంటాడు. అక్క తీసిన అప్పగింతల ఫోటోల్లో ఒక్కదాంట్లో మాత్రం, కూతుర్ని చూస్తూ నిండుగా కళ్లు తెరిచి ఉన్నాడు. పరామర్శకు పోయినప్పుడు అక్కే ఆ ఇంటావిడకు చెప్పింది, ఒకటుందని, కంప్యూటర్ బాగవగానే ఇస్తానని. ఆ ఒక్కటీ ఈ కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా లేదు. కెమెరా కార్డు ఖాళీ చేసుకుని అక్క ఇంకో పెళ్లికి పోయొచ్చింది. స్టూడియోల వాళ్లందరూ చేసేదే అది.

నా ఉపాయమేమిటంటే, విండోస్‌ను అలాగే ఉంచి పక్కన లినక్స్ అనే ఇంకో సిస్టమ్ ఎక్కించడం. ఒకే ఇంటికి నడుమ గోడ పెట్టి రెండు వాటాలు చేసినట్టు. ఒక వాటా తలుపు తెరుచుకోకపోయినా రెండో వాటాలోంచి పోయి ఫోటో తెచ్చుకోవచ్చు. ఏదో పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీ నా దగ్గరుంది. పెట్టాం. తెర మీద ముందే హెచ్చరిక వచ్చింది, డిస్కులో చోటు సర్దుతున్నాను, ఇది అయ్యేదాకా కరెంటు పోకూడదు అని.

"పోతే ఎట్లనే?" అంది అక్క.

"పొద్దటి కోత అయిపోయింది గదక్కా. యూపీఎస్ గూడ ఉన్నది."

"అది ముసల్ది. దాన్ని నమ్ముకుంటే గంతే సంగతులు."

ఆ రోజు పీర్ల పండుగ ఆఖరి రోజు. మాకు తెలియక కాదు. పొడుగాటి కర్రలకు కట్టి ఎత్తుకునే పీర్లు తీగలకు తగులుతాయని, ఊరేగింపు ఏ గల్లీలోకి వస్తే ఆ గల్లీకి లైన్‌మన్ కరెంటు ఆపేస్తాడు. ఏటా మా గల్లీకి వచ్చేసరికి పొద్దుగూకుతుంది, ఆలోపు అయిపోతుందిలే అనుకున్నాం. మా ఖర్మ, ఆ ఏడు ఎండ దిగకముందే డప్పులు మలుపు తిరిగాయి. తెర మీద పని ఎంతయిందో చూపే నీలం గీత సగం దాటింది. ఫ్యాన్ ఆగింది. యూపీఎస్ కీచుమనడం మొదలుపెట్టింది.

చెప్పులు కూడా వేసుకోకుండా ట్రాన్స్‌ఫార్మర్ కింద నిలబడ్డ లైన్‌మన్ దగ్గరికి ఉరికాను.

"అన్నా, నీ కాల్మొక్త, జరసేపు కరెంటియ్యే!"

"పిచ్చి లేసిందా? పీరు తీగెకు తగిల్తే సచ్చేదెవరు? గల్లి దాటినంక ఇస్త, పో."

గల్లీ దాటాలి. అంతే. ఊరేగింపు తొందరగా దాటిపోతే చాలు, బతికిపోతాం. పరుగెత్తుకుంటూ వెనక్కొచ్చి చూస్తే మా గడప ముందు అక్క బిందెతో నిలబడి ఉంది. పీరు ఎత్తుకున్నతని కాళ్ల మీద నీళ్లు పోసి, కళ్లు మూసుకుని దండం పెడుతోంది. అలా పోసినప్పుడు పీరు గడప ముందు నిలబడిపోతే మొక్కు విన్నదని మావాళ్ల నమ్మకం. అక్క ఏటా పోస్తుంది, పీరు ఏనాడూ ఆగలేదు. ఆ రోజు ఆగింది! ముందుకొకడుగు వేసి, వెనక్కొచ్చి, మా గడపకే ఎదురుగా ఊగుతూ నిలబడిపోయింది. డప్పులు జోరందుకున్నాయి. పక్కింటివాళ్లు ఊదు తెచ్చారు. ఆడవాళ్లు అక్క అదృష్టాన్ని మెచ్చుకుంటున్నారు.

"అక్కా, పోనియ్యే! దండం పెడ్త, దాన్ని పోనియ్యి!"

నా గొంతు నాకే వినపడలేదు. జనాన్ని తోసుకుంటూ లోపలికి పోయాను. కీచుకీచుమన్న యూపీఎస్ ఒకటే కూత కూసి ఊరుకుంది. తెర ఆరిపోయింది. కోపం పట్టలేక యూపీఎస్‌ను కాలితో తన్నాను, తర్వాత నేల మీద కూలబడి ఏడ్చాను. బయట ఇంకా డప్పులు మోగుతూనే ఉన్నాయి.

కరెంటు వచ్చాక కంప్యూటర్ వేశాం. నల్ల తెర మీద రెండే తెల్లని వాక్యాలు. లోపల ఏ సిస్టమూ లేదట. పాతది పోయింది, కొత్తది రాలేదు. సీడీ తీసి పెట్టాం, పెట్టి తీశాం, నాకు తెలిసిన విద్యంతా అయిపోయింది. అక్క ఖాళీ బిందె తెచ్చి మూలన బోర్లించింది. తిట్టినా బాగుండేది.

దీపాలు పెట్టే వేళకు ఆ పెళ్లికూతురు వచ్చింది. ఇంట్లో మైల ఉందని గడప అవతలే నిలబడింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయి ఉంది, అయినా ఆ పూట ఎందుకో కాస్త తేటగా కనిపించింది.

"మీ కాడ పీరు ఆగిందంట గదక్కా! మా అమ్మ లోపల్నుంచే దండం పెట్టింది. అక్క ఫోటో కోసమే మొక్కి ఉంటది, ఇంక పని అయినట్టే, పోయి పట్కరా పో అని తోలింది."

అక్క నా మొహం చూసింది. నేను గోడ చూశాను.

"ఇయ్యక్కా," అంది ఆ అమ్మాయి, గోరింటాకు ఇంకా పోని చెయ్యి చాపి. "నాయిన కండ్లు ఒక్కపారి చూసుకుంట."