చలి చెప్పి కొడుతుంది

మా మేస్త్రి పోయాడన్న కబురు శుక్రవారం పొద్దున పదకొండింటికి తెలిసింది. ఖతర్‌లో, మదీనత్ ఖలీఫాలోని మా ఇంట్లో పెసరట్టు తిరగేస్తున్నాను. ఫోను చేసింది ఆయన గదిలో ఉండే జగిత్యాల కార్పెంటరు.

"సార్, మేస్త్రి పోయిండు. పొద్దుగాల్నే పోయినట్టున్నడు. మేం జూస్కోలే."

"చూసుకోకపోవడమేమిటయ్యా? ఒకే గదిలో ఉన్నారు కదా."

అతను మెల్లగా అన్నాడు. "పండుకున్నడనుకున్నం సార్. శుక్రారం గదా. లేపుతె కొడ్తడని ఎవ్వలం లేపలే."

అట్టు మాడిపోయింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఎవరి మీద అంటే చెప్పలేను. పెనం ఎత్తి సింకులో విసిరేశాను.

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. ఈయన విషయంలో ఆ మర్యాద పాటించడం నా వల్ల కాదు. మా మేస్త్రి మనుషుల్ని కొట్టేవాడు. చెంప మీద, వీపు మీద, ఒకోసారి హెల్మెట్ తీసి మరీ నెత్తి మీద. ఆయన దెబ్బ తినని మనిషి మా సైటులో లేడు, నాతో కలిపి. అయినా ఆయన గురించి కృతజ్ఞతతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

నేను ఆ కంపెనీలో సేఫ్టీ ఆఫీసర్ని. మాది భీమవరం పక్క. చలి అంటే నాకు తెలిసింది సంక్రాంతి ముందు నాన్నగారు పెట్టుకునే మంకీ క్యాప్ ఒక్కటే. ఒక ఇంజనీరింగ్ డిగ్రీ, రెండు సర్టిఫికెట్లు, మెడలో ఒక విజిలు వేసుకుని మే నెలలో డ్యూటీలో చేరాను. మూడో వారంలో ఆ దృశ్యం చూశాను.

పొద్దున తొమ్మిదిన్నర. స్లాబ్ మీద ఇనుప ఊచలు కడుతున్న ఒక మనిషి దగ్గరికి మేస్త్రి నడిచి వెళ్ళాడు. అతని ముఖంలోకి వంగి చూశాడు. "మీ ఊరికి ఏ బస్సెక్కాలెరా?" అన్నాడు. ఆ మనిషి నవ్వాడు. మేస్త్రి చెంప పగలగొట్టాడు. ఆ చప్పుడు ఇరవై గజాల దూరంలో ఉన్న నాకు వినిపించింది. మళ్ళీ అదే ప్రశ్న. ఈసారి ఆ మనిషి రెండు చేతులతో మేస్త్రిని రొమ్ము మీద తోశాడు. మేస్త్రి ఇంకోటి వేసి, కాలరు పట్టుకుని, మెట్ల మీదుగా సగం ఈడ్చి సగం మోసి, నీళ్ళ ట్యాంకరు పైపు కింద పడేసి చొక్కా బరబరా చించేశాడు. నేను విజిలు ఊదుకుంటూ పరిగెత్తాను. "చెయ్యి తియ్యండి, చెయ్యి తియ్యండి" అంటూ అరిచాను. ఆయన నా వంక చూడనైనా చూడలేదు.

ఆ మధ్యాహ్నమే రెండు పేజీల రిపోర్టు రాశాను. శారీరక దాడి అన్న మాట నాలుగు చోట్ల వాడాను. దెబ్బలు తిన్న మనిషిని సాక్షి సంతకం పెట్టమంటే పెట్టలేదు.

"నాకేం యాదికి లేదు సార్. యాదికి లేనిదాని మీద సంతకం ఎట్ల వెడ్త?"

భయపడుతున్నాడనుకున్నాను. ఇలాంటి భయాన్ని పోగొట్టడానికే నేను వచ్చానని కూడా అనుకున్నాను.

అదే నెలలో మా కంపెనీకి కజకిస్తాన్‌లో, బాగా ఉత్తరాన, ఒక పని దొరికింది. శీతాకాలంలో సున్నాకి కింద నలభై డిగ్రీలు. వెళ్ళేవాళ్ళు పేర్లు రాయండని బర్వా అల్ బరాహా కార్మికుల క్యాంపులో మా వాళ్ళుండే బ్లాకు గోడకి కాగితం అంటించారు. వారం వేలాడింది. ఒకే ఒక్క పేరు పడింది, మేస్త్రిది. ఆయన ఖతర్ రాకముందు అదే ప్రాంతంలో తొమ్మిదేళ్ళు చేసినవాడు. మళ్ళీ అక్కడికి పోవడమే ఆయనకున్న ఒకే ఒక్క కోరిక అని, ఆ కాగితం కోసం ఆరేళ్ళుగా ఎదురుచూస్తున్నాడని క్యాంపులో అందరికీ తెలుసు. నాకు తెలియదు. మనుషుల్ని కొట్టే అలవాటున్నవాడిని కొత్త దేశానికి పంపలేమని, నా రిపోర్టు చూపించి ఆఫీసులో ఆయన పేరు కొట్టేశారు.

మర్నాడు నా క్యాబిన్‌కి వచ్చాడు.

"సార్, నా మీద రాసింది మీరేనా?"

"నేనే. కొట్టలేదంటారా?"

"కొట్టిన. నిజం రాసినోన్ని ఏమంట?" నా ముఖంలోకి ఒక నిమిషం చూశాడు. "నీళ్ళు తాగుండ్రి సార్" అని వెళ్ళిపోయాడు.

గెలిచాననుకున్నాను. ఆ రోజు ఇంట్లో మా ఆవిడకి గర్వంగా చెప్పుకున్నాను కూడా.

జూలైలో నా వంతు వచ్చింది. ఆరో అంతస్తు మెట్ల దగ్గర ఉన్నట్టుండి ఒళ్ళంతా చల్లబడింది. మా ఊరి కాలవ గట్టు మీద కూర్చున్నట్టు హాయిగా ఉంది. ఎవరో నన్ను బస్సు సంగతి అడిగి విసిగిస్తున్నారు. పచ్చి బూతులు తిట్టానట. అలాంటివి నా నోట ఉన్నాయని నాకే తెలియదు. తరవాత ఎడమ చెంప పేలింది. ఇంకోటి. ఇంకోటి. పెదవి చిట్లి నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. ఎవరో నన్ను కాళ్ళు పట్టి లాగుతున్నారు, వీపు మెట్లకి కొట్టుకుంటోంది, పైనుంచి నీళ్ళు, ఇంకా నీళ్ళు.

క్లినిక్‌లో కళ్ళు తెరిచేసరికి స్టూలు మీద ఆయన. వడదెబ్బ అన్నాడు డాక్టరు.

నాకు అప్పుడైనా బుద్ధి రావాలి కదా. వాచిన పెదవితోనే పాఠం చెప్పాను. ముఖం చూడటం మంచిదే, మతి తప్పిందో లేదో తేల్చే ప్రశ్న అడగటం మంచిదే, నీడకి తెచ్చి నీళ్ళు పోయటం ముమ్మాటికీ మంచిదే, కొట్టటం మాత్రం తప్పు అన్నాను.

"తప్పే సార్. నాకు నేర్పినోడు గట్లనే నేర్పిండు."

ఆ మధ్యాహ్నం ఆయన చెప్పింది ఇది. ఆ ఉత్తరాన ఒక ముసలి డ్రైవరు దగ్గర, డీజిల్ లారీలో హెల్పరుగా ఉండేవాడు. ఒకరోజు మంచు తుపానులో లారీ కూరుకుపోయింది. ఇంజను చచ్చిపోయింది. పట్టపగలు, కానీ అద్దం బయట చెయ్యి చాపితే చెయ్యి కనిపించదు. మొదట వణుకు. తరవాత వణుకు ఆగిపోయి వెచ్చగా, సుఖంగా నిద్ర ముంచుకొచ్చింది. అప్పుడు ముసలాయన కొట్టడం మొదలుపెట్టాడు. నాలుగు గంటలు కొట్టాడు. భాష తెలియదు కాబట్టి కొడుతూ తన వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగేవాడు, చెప్పకపోతే ఇంకోటి. ముక్కు నుంచి కారిన రక్తం మీసాల మీదే గడ్డకట్టింది. రెండు పళ్ళు కదిలాయి. చివరికి అటుగా వచ్చిన ఒక లారీ ఆగింది.

"ఆ రోడ్డు మీద ఆగిన బండిని దాటిపోయెటోడు లేడు సార్. తలుపు కొడ్తె తెరువనోడు లేడు. తెరువకుంటె మనిషి సస్తడని అందరికెర్క. మా నాయిన గూడ నన్ను అంత ప్రేమగ, పావురంగ కొట్టలే."

ఆ తుపాను ఆయన కాలివేళ్ళు రెండు తినేసింది. అయినా ఆ చలి మీద ఆయనకి ఇసుమంత కోపం లేదు. అక్కడ బయటికి అడుగు పెట్టే ముందు ఇద్దరిద్దరుగా నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారట. ముక్కు మీద తెల్ల మచ్చ పడితే మంచు కొరుకుతున్నట్టు లెక్క. "నీ ముక్కు నీకు కనవడది సార్. పక్కోడే సూడాలె" అనేవాడు. ఆ అలవాటే ఆయన ఎండలోకి మోసుకొచ్చాడు.

ఆ తరవాత శుక్రవారాలు నేను క్యాంపుకి వెళ్ళడం అలవాటైంది. ఆయన మంచం మీద కూర్చుని, చెమట తుడుచుకుంటూ, ఆ దేశం సంగతులు వినేవాణ్ణి. బూట్ల కింద మంచు కిర్రుమనడం. మిట్టమధ్యాహ్నం సూర్యుడికి అటొకటి ఇటొకటి రెండు దొంగ సూర్యులు వెలగడం. నదికి కన్నం వేసి పట్టిన చేప గట్టు మీద పడీ పడకముందే కట్టెలా బిగుసుకుపోవడం. ముసలాయన భార్య వేడి రొట్టె మీద మీగడ పూసి, తినేదాకా ఎదురుగా నిలబడటం. అన్నిటికన్నా ఆయనకి ఇష్టం ఏప్రిల్‌లో నది పగలడం. ఫిరంగులు పేలినట్టు మంచు పలకలు విరిగి ఒకదాని మీద ఒకటి ఎక్కి కొట్టుకుంటుంటే ఊరు ఊరంతా పనులు వదిలి గట్టు మీదికి ఉరికేదట. ముసలివాళ్ళు ఏడ్చేవారట, ఇంకో చలికాలం దాటామని.

"సలి సెప్పి కొడ్తది సార్. ఎండ నవ్వుకుంట కొడ్తది. సెప్పి కొట్టెటోన్ని నమ్మొచ్చు."

అన్ని దెబ్బలూ ప్రాణాలు కాపాడినవే అనుకోకండి. ఒకసారి క్యాంటీన్‌లో రెండు గుంపులు కొట్టుకుంటుంటే మధ్యలో దూరి, ఏ పాపం తెలియని ఒక వెల్డరు పన్ను రాలగొట్టాడు. తప్పు తెలిశాక క్షమించమని అడగడం ఆయనకి చేతకాలేదు. నెల రోజులు ఆ వెల్డరు డ్యూటీ బట్టలు తనే ఉతికి ఆరేశాడు. వెల్డరు వద్దంటే మళ్ళీ చెయ్యెత్తాడు.

నా రిపోర్టు వెనక్కి తీసుకుంటానని ఆఫీసుకి వెళ్ళాను. ఫైల్లో పడ్డ కాగితం బయటికి రాదన్నారు. మళ్ళీ వెళ్ళాను. మూడోసారి మేనేజరు నా ఉత్తరం చదవకుండానే పక్కన పెట్టి, "ఏమిటండీ, ఆయన మిమ్మల్ని కూడా కొట్టి ఒప్పించాడా?" అని నవ్వాడు. బల్ల మీద ఉన్న గాజు పలక నా పిడికిలి కింద నెర్రెలు విచ్చింది. చేతికి నాలుగు కుట్లు పడ్డాయి. నా ఉద్యోగం ఎలా నిలిచిందో ఇప్పటికీ అర్థం కాదు. సెప్టెంబరులో మాత్రం, నేను పూచీ సంతకం పెడితే నవంబరులో పోయే రెండో బ్యాచ్‌లో పంపుతామన్నారు. కట్టు కట్టిన చేత్తోనే సంతకం పెట్టాను.

ఆ శుక్రవారం మేస్త్రి, వస్తున్నానని లారీ ముసలాయనకి వీడియో కాల్‌లో చెప్పుకున్నాడు. ప్రతి శుక్రవారం భోజనం అయ్యాక ఇద్దరూ మాట్లాడుకునేవారు. అటు ముసలాయన బల్ల గుద్దుతున్నాడు, ఇటు మా మేస్త్రి మంచం గుద్దుతున్నాడు.

అక్టోబరు ఆఖరి వారంలో, నిద్రలో, ఆయన గుండె ఆగింది. మొదటి బ్యాచ్‌లోనే వెళ్ళి ఉంటే ఏమయ్యేదని నన్నెవరూ అడగలేదు. నన్ను నేనే అడుగుతున్నాను. గుండె అక్కడైనా ఆగేదేమో. కానీ పొద్దెక్కినా లేవని మనిషి తలుపు అక్కడ ఎవరో ఒకరు బాదేవారు.

ఆ రోజు నేను క్యాంపుకి చేరేసరికి రెండు దాటింది. ఆయన్ని అప్పటికే తీసుకుపోయారు. కార్పెంటరూ నేనూ ఇంకో ఇద్దరూ కలిసి ఇంటికి పంపడానికి సామాను సంచిలో సర్దుతున్నాం. చార్జింగ్‌లో ఉన్న ఆయన ఫోను మోగింది. తెర మీద ముసలాయన బొమ్మ. ముగ్గురూ వెనక్కి జరిగారు. నేనే ఎత్తాను.

ఆయన నవ్వుతున్నాడు. ఏదో చెబుతూ ఫోను కిటికీ వైపు తిప్పాడు. బయట మంచు పడుతోంది, ఆ ఏటికి మొదటిది కాబోలు. తిరిగి తన ముఖం చూపించి, నన్ను చూసి ఆగాడు. మేస్త్రి ఏడని అడుగుతున్నాడని భాష రాకపోయినా తెలిసింది. రెండు చేతులు కలిపి చెంప కింద పెట్టుకుని, కళ్ళు మూసి చూపించాను. తల అడ్డంగా ఊపాను.

ముసలాయన కనుబొమలు ముడిపడ్డాయి. ముఖం గట్టిపడింది. అరచెయ్యి చాపి తెర మీద కొట్టాడు. తెర చీకటైంది, వెలిగింది, మళ్ళీ చీకటైంది. ఒకే మాట పదేపదే అరుస్తున్నాడు.

"లెమ్మంటున్నడు సార్" అన్నాడు కార్పెంటరు. "మేస్త్రి మాకు ఆ మాట నేర్పిండు."

నేను ఫోను పక్కకి తిప్పలేదు. ఆ చెయ్యి వచ్చి వచ్చి నా ముఖం మీదే పడుతోంది.