వెనక సీటు లేని మిలిటరీ బండి

దగ్గరికి జరగండి. మెషిను ఆపేశాను, ఇక నా గొంతు వినపడుతుంది. ఆ రెగ్జిన్ ముక్కలు పక్కకు నెట్టి కూర్చోండి, ఏం కాదు. బండి సీట్లు కుట్టే ఆడదాని దగ్గర చెప్పడానికి ఏముంటుందిలే అనుకోకండి. ఒక బండి సంగతి చెప్తాను. చెప్పేటప్పుడు నేను తల వంచుకుంటే సూది కోసం వెతుకుతున్నాననుకోండి.

కరోనా తగ్గిన మరుసటి యేడు. కోరుట్లలో మా ఇంటి ముందు రేకుల వసారాలోనే నా పని. నేను పుట్టింది సిరిసిల్లలో, మరమగ్గాల ఇంట్లో. మగ్గాలు నడిచే రోజులకన్నా ఆగే రోజులు ఎక్కువైన కాలంలో నన్ను కోరుట్లకు ఇచ్చారు. మా ఆయన నర్సయ్యకు బస్టాండు దగ్గర సీటు కవర్లు కుట్టే డబ్బా కొట్టు ఉండేది. ఆయన దుబాయి పోయాక ఆ మెషిను నా కాళ్ళ కిందికి వచ్చింది. చదువు లేనిదాన్ని, కొలతలు రాసుకోను, మనసులో పెట్టుకుంటాను. చాలా యేండ్లకు ఆయన నడుము చెడి తిరిగొచ్చాడు. అప్పటినుంచి గుడ్డ పని నాది, పీట మీద కూర్చుని చేసే ఇనుప పని ఆయనది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. సీటు అడుగున ఉండే రేకును సీట్ పాన్ అంటాం. దాని మీద ఫోమ్, ఫోమ్ మీద రెగ్జిన్. ఆ ఫోమ్ మీద కత్తి పెట్టేముందు వచ్చినవాళ్ళను ఒక మాట అడగాలి: "వెనక ఎవరు కూసుంటరు?" ముసలమ్మ కూర్చునేదైతే వెనక ఎత్తు తగ్గించాలి. పాల క్యాన్లు కట్టేవాడైతే గట్టి ఫోమ్ వేయాలి. చంటిపిల్లను ఎత్తుకుని భార్య కూర్చుంటే ముందుకు జారకుండా చిన్న గుంట తీయాలి. మా ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం అదే. ఎవరు వచ్చినా ఆ మాట అడగకుండా కత్తి పట్టలేదు, ఒక్కసారి తప్ప.

ఆ రోజు గంగాధర్ వచ్చాడు. మాకు పక్క ఊరు, కల్లు గీసేవాళ్ళ ఇల్లు, మస్కట్ పోయి వచ్చిన మనిషి. పోకముందు కొన్న పాత బుల్లెట్ బండిని ఇంట్లో దూడల కొట్టం కింద పెట్టి, తనే విప్పి, తనే రుద్ది, మిలిటరీ రంగు వేసుకున్నాడు. ఎండిన ఈతాకు రంగు. మెరుపు లేకుండా ఉండే ఆ రంగును మ్యాట్ అంటారట. దగ్గరికి పోతే బ్రష్షు గీతలు కనిపిస్తున్నాయి. ట్యాంకు మీద తెల్ల చుక్క, పక్కన అచ్చుతో దిద్దిన నంబరు. ముందు దీపానికి రేకుతో టోపీ. వసారా ముందు ఆపేసరికి వీధిలో సగం మంది చుట్టూ చేరారు.

"ఏందిది గంగన్నా, బార్డర్ల కెళ్ళి ఎత్తుకచ్చినవా?"

"తుపాకి ఏదిరా? తుపాకి మరిసినట్టున్నవ్!"

అతను నవ్వుతూ ఫోను తీసి నాకు ఒక బొమ్మ చూపించాడు. ఎన్నటి యుద్ధం నాటిదో, అటువంటి బండే. నడిపేవాడికి ఒక్కడికే కింద స్ప్రింగులున్న గుండ్రని సీటు, రెండు పక్కలా కాన్వాస్ సంచులు.

"గిట్లనే కావాలె అక్కా. పొడుగు సీటు తీసేయ్. ఒక్కటే సీటు. దాని ఫోమే కోసి దీనికి వెయ్."

అప్పుడు నేను అడగవలసింది ఒకటి. నా నోటికి వచ్చింది ఇంకొకటి.

"గది సరే తమ్మీ, మల్ల ఎప్పుడు పోవుడు?"

మా దిక్కు గల్ఫు నుంచి వచ్చిన ప్రతి మగవాడినీ పలకరించే పద్ధతి అది. ఎప్పుడొచ్చినవ్ అనే మాట వెనకనే అదీ వస్తుంది. టీకొట్టు దగ్గర అడుగుతారు, పెళ్ళి పందిట్లో అడుగుతారు, చావు ఇంట్లో కూడా అడుగుతారు. అందులో తప్పుందని ఎవరికీ తోచదు.

"సూడాలె అక్కా. వీసా అస్తదన్నరు," అని అతను వంగి, తుడవనక్కరలేని ట్యాంకును తుడిచాడు. మా ఆయన సుత్తి చేతిలో పట్టుకునే నా వైపు చూశాడు. నేను ఆ చూపును పట్టించుకోలేదు.

సిరిసిల్లకు పోయినప్పుడు మా తమ్ముడి దగ్గర దళసరి నూలు గుడ్డ తెచ్చి, రంగు వేయించి సంచులు కుట్టాను. పొడుగు సీటు ఫోమ్ కోసి, అదే గుడ్డ తొడిగి గుండ్రని సీటు చేశాను. నిజం చెప్పాలంటే నాకూ సంబరంగానే ఉంది. అటువంటి పని అంతకుముందు చేయలేదు. సంచి మూతకు తోలు పట్టీలు, ఇత్తడి బక్కిళ్ళు పెట్టాను. అతను తీసుకుపోయాడు. మళ్ళీ వచ్చాడు, పక్కకు ఒక పెట్రోలు డబ్బా తగిలించాలన్నాడు. ఇంకోసారి వచ్చి మడత పార కట్టుకోవడానికి పట్టీ కావాలన్నాడు. బండి మీద పారతో ఏం పని అని నేను అడగలేదు. వచ్చినప్పుడల్లా మంది చేరేవాళ్ళు, దీపం గురించి, చుక్క గురించి అడిగేవాళ్ళు. అతను హుషారుగా చెప్పేవాడు. అంతా అయ్యాక నేను మాత్రం మరవకుండా అడిగేదాన్ని: "వీసా అచ్చిందా తమ్మీ? ఎప్పుడు పోవుడు?"

ఒక పగటిపూట అతని భార్య సుజాత వచ్చింది. బీడీలు చేసే పిల్ల. కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి, ఖాళీ గంప చంకన పెట్టుకుని, ఎండలో నడిచి వచ్చింది. నీళ్ళిచ్చాను. తాగి, గోడకు వేలాడుతున్న పాత సీటు కవర్లను చూస్తూ కూర్చుంది.

"వదినె, ఆ పొడుగు సీటు ఉన్నదా?"

"ఏడుంటది సుజాతా? దాన్నే కోసి దీనికేసిన. ఎందుకు?"

"ఏం లేదు. మొన్న కొడిమ్యాలల మా తల్లిగారింటికి పోయినం. ఆయన బండి మీద పోయిండు. నేను బస్సుల పోయిన. మా వదినెలు ఒక్కటే నవ్వుడు. మిలిటరాయన ముందట అచ్చిండు, సామాను వెనక బస్సుల అచ్చిందని."

నేను నవ్వబోయి ఆగాను. ఆమె నవ్వడం లేదు.

"ఆరేండ్లు బండి ఉన్నది, మనిషి లేడు వదినె. గిప్పుడు మనిషి అచ్చిండు, బండి మీద జాగ లేదు."

"మల్ల పోతడు గదా, అందుకే ఒక్క సీటు..." అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

ఆమె నన్ను చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

"ఏడికి పోతడు? సెలవు మీద అచ్చేటోళ్ళు తాళ్ళు కట్టిన డబ్బాలు పట్టుకొని రారా? కంబళ్ళు, అత్తర్లు, పిల్లలకు చాకిలెట్లు? ఈయన చేతి సంచితోని దిగిండు. ఊరంత సూసింది. అందరికి ఎరుకే. అందరికి ఎరుకన్న సంగతి ఆయనకే ఎరుక లేదు."

నా చేతిలో కత్తెర ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"మరి గీ మిలిటరీ వేషం ఎందుకు సుజాతా?"

"బండి గిట్లుంటే మంది బండి గురించి అడుగుతరు. ఎప్పుడు పోతవని అడుగరు." గంప ఎత్తుకుని లేచి, గడప దగ్గర ఆగింది. "ఇంటికచ్చి చెప్పుకున్నడు. అందరు బండిని సూసి మరిసిండ్రు గని, ఆ సీట్ల అక్క ఒక్కతే ఇడుస్తలేదని."

ఆమె వెళ్ళిపోయింది. నేను మెషిను ముందు కూర్చుని తొక్కాను. కొంతసేపటికి చూస్తే సూదిలో దారం లేదు.

తర్వాతి వారం గంగాధర్ వచ్చాడు, సంచి పట్టీ ఊడిందని. మెల్లగా ఒక మంచి మాట అందామని ముందే అనుకుని పెట్టుకున్నాను. అతను ఎదురుగా నిలబడేసరికి పట్టీ చేతిలోకి తీసుకుని తల వంచుకున్నాను. అతను కూడా నా పాత మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు ట్యాంకు తుడవడం మొదలుపెట్టాడు.

అప్పుడు పీట మీది నుంచి మా ఆయన అన్నాడు, "తమ్మీ, మీ అక్క ఇయ్యాల ఏం అడుగుతలేదేంది? నేను దుబాయి కెళ్ళి అచ్చిననాడు నన్ను సుత అడిగింది. ఇంక కాళ్ళు కడుక్కోలే నేను. చెంబు చేతిల పట్టుకొని, ఎప్పుడు పోతవయ్యా అన్నది."

కోపంగా అనలేదు. నవ్వుతూనే అన్నాడు. అన్ని యేండ్లు ఆ మాట ఆయన లోపల ఉందని నాకు తెలియదు. నాకు ఆ మాట అన్నట్టే గుర్తు లేదు. అందరి కొలతలూ గుర్తుంచుకునేదాన్ని, ఇది మాత్రం గుర్తు లేదు. వసారాలో ఎక్కడికైనా జరిగి దాక్కుందామంటే చోటు లేదు.

"అన్నది బావా?" అన్నాడు గంగాధర్.

"అన్నది. నడుము పోయిందని చెప్పనీకి నాకు నెల పట్టింది."

గంగాధర్ చేతి గుడ్డ మడిచాడు. మళ్ళీ విప్పాడు. "నేను పోను బావా," అన్నాడు. "ఔట్‌పాస్ మీద అచ్చిన. కంపెనీ మూసిండ్రు, బయట వీసా లేకుంట దొంగచాటుగ పనిచేసిన. మల్ల రానియ్యరు." ఔట్‌పాస్ అంటే, పాస్‌పోర్టు చేతిలో లేనివాళ్ళకు ఇంటికి చేరుకోవడానికి ఇచ్చే కాగితం. ఆ మాట అతను బయటికి అనడం అదే మొదలనుకుంటాను. అన్నాక, పడిపోకుండా పట్టుకున్నట్టు హ్యాండిలు పట్టుకున్నాడు.

ఓదార్చడం నాకు రాదు. తెలిసిన పని ఒక్కటే. టేపు తీసుకుని బండి వెనకకు వెళ్ళాను.

"తమ్మీ, వెనక ఎవరు కూసుంటరు?"

అతను హ్యాండిలు వదిలి, వెనక ఖాళీ క్యారియర్ వైపు చూశాడు. "సుజాత," అన్నాడు.

"గంప సుతనా?"

"గంప సుత."

మా ఆయన వెనక క్యారియర్ ఇనుము కొంచెం కిందికి వంచి, కాళ్ళు పెట్టుకోవడానికి కడ్డీ అమర్చాడు. నేను దళసరి ఫోమ్ వేసి చిన్న సీటు కుట్టాను. ముందటి గుడ్డ అయిపోయింది, దొరికిన దాని రంగు కలవలేదు, వెనకది కాస్త పచ్చగా తేలింది. పెట్రోలు డబ్బా తీసేసి, ఒక పక్క సంచిని విప్పి గంప పట్టేంత వెడల్పు చేశాను. ఫోనులో ఉన్న బొమ్మలా లేదు ఇక. అతను తెల్ల చుక్క మాత్రం ఉండనిమ్మన్నాడు.

తర్వాత ఒకసారి జగిత్యాల తొవ్వలో వాళ్ళిద్దరూ నా ముందు పోతూ కనబడ్డారు. ఆమె ఒక పక్కకు కూర్చుని ఉంది, గంప సంచిలో పట్టక మళ్ళీ ఒళ్ళోకే వచ్చింది. "ఓ మిలిటరీ! ఎటు?" అని ఎవరో కేకేస్తే, "కార్ఖానకు!" అని గట్టిగా అరిచింది ఆమే. అతను తల దించుకున్నాడో, నవ్వాడో, వెనక నుంచి నాకు కనబడలేదు. అతనికి పని మాత్రం సరిగా దొరకలేదు. ఇప్పుడు ఇళ్ళకు టైల్స్ పరుస్తున్నాడు, కొన్ని రోజులు ఉంటుంది, కొన్ని రోజులు ఉండదు.

మా ఆయనను నేను క్షమించమని అడగలేదు. ఒకరోజు ఆయన బజారు నుంచి వస్తే గడప దగ్గరికి చెంబుతో నీళ్ళు పట్టుకెళ్ళాను.

"ఏందే గిది? కూరగాయలకే గదా పోయిన!" అన్నాడు.

"కడుక్కో," అన్నాను.

కడుక్కున్నాడు.

ఇన్నేండ్ల పనిలో నేను నేర్చుకున్నది ఇంతే. వచ్చినవాడిని పోయే సంగతి అడగకూడదు. అతని వెనక ఎవరికి చోటు కావాలో అడగాలి, దాన్ని బట్టి కొలిచి కోయాలి. ఇక లేవండి, చీకటి పడకముందే ఇల్లు చేరండి. మీ ఇంట్లో చెంబు ఎప్పుడూ నిండుగా ఉండాలి. దూరం పోయినవాళ్ళు మీ గడప తొక్కిన నాడు, అన్నిటికన్నా ముందు కాళ్ళ మీద నీళ్ళు పడాలి. మీ బండి వెనక చోటు ఎన్నడూ ఖాళీ కాకూడదు.