అరువు సంఘం

మా అమ్మ నేను పుట్టకముందే నన్ను దేవుడి సేవకు ఇచ్చేసింది. నాకు ముందు ఇద్దరు బిడ్డలు దక్కలేదట. ఈసారి దక్కితే నీ పనికే ఇస్తాను ప్రభువా అని మొక్కుబడి చేసుకుందట. నన్నెవరూ అడగలేదు. బందరులో మా వీధి పిల్లలు పెద్దయ్యాక డ్రైవరవుతాం, డాక్టరవుతాం అంటుంటే, నేను మాత్రం సేవకుణ్ణి అవుతానని అప్పజెప్పేవాణ్ణి. అలా అన్నప్పుడల్లా అమ్మ ముఖం వెలిగిపోయేది. అందుకే అనేవాణ్ణి.

తొంభైల చివర్లో, పాస్టరు ట్రెయినింగు అవగానే, నన్ను దివిసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరికి పంపారు. ఒక రేకుల షెడ్డు, రెండు చాపలు, ఒక కంజర. అదే గుడి, అదే నా ఇల్లు. ఊరంతా వేట మీద బతికేవాళ్లు. వాళ్ల దేవతలు వాళ్లకున్నారు. నన్ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అనుంటే బాగుండేది. తిట్టినా మనిషినని గుర్తించినట్టే కదా! వీధిలో ఎదురైతే పక్కకు తప్పుకుని మర్యాదగా దారి ఇచ్చేవాళ్లు, అంతే.

మొదటి ఆదివారం నేనే పాట పాడాను, నేనే వాక్యం చెప్పాను, ఆశీర్వాదం ఇచ్చి నేనే ఆమెన్ అన్నాను. తర్వాత చాపలు చుట్టి మూల పెట్టి అన్నం వండుకున్నాను. అలా నాలుగు నెలలు గడిచాయి. వారం మొత్తంలో నేను గట్టిగా మాట్లాడేది ఆ ఒక్క గంటే. అది కూడా ఖాళీ చాపలతో.

అయిదో నెలలో ఒక ముసలావిడ వచ్చింది. ఎండుచేపలు అమ్ముకునే మనిషి. తట్ట బయట దించి, గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. లోపలికి రమ్మంటే, "వద్దండి, కంపు కొడతానండి" అంది. నేను వాక్యం మొదలుపెట్టగానే కునుకు తీసింది. అయిపోయాక, పలకరించాలి కాబట్టి, "ఎలా ఉన్నావు మామ్మా?" అన్నాను. ఆవిడ మోకాళ్ల నొప్పుల దగ్గర మొదలుపెట్టి, ఒకే కప్పు కింద ఉంటూ తనతో మాట్లాడని కోడలి దాకా అరగంట చెప్పింది. నాకు వేరే పనేముంది, విన్నాను. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం అదే వరస. కునుకు, పలకరింపు, అరగంట కబుర్లు. నిజం చెప్పాలంటే నాకు విసుగ్గానే ఉండేది. సేవ చెయ్యడానికి వచ్చి ముసలమ్మ మోకాళ్ల కథ వింటున్నానేమిట్రా అనుకునేవాణ్ణి.

మా సంఘాల్లో ఆడవాళ్లు అన్నం వండిన ప్రతిసారీ దేవుడి పేర పిడికెడు బియ్యం తీసి విడిగా దాచి, ఆదివారం గుడికి తెస్తారు. ఆ సంగతి ఒకసారి వాక్యంలో చెప్పాను. ఆవిడ నిద్రపోతోందనుకున్నాను. తర్వాతి ఆదివారం కొంగు ముడి విప్పి నా ముందు బియ్యం పోసింది. ఆ బియ్యం ఎండుచేపల వాసన. వారమంతా అదే తిన్నాను.

నెలకోసారి గుడివాడలో మా సేవకుల కూడిక జరిగేది. రిపోర్టు కాగితంలో గళ్లు ఉండేవి: హాజరు, మారుమనస్సు, బాప్తిస్మం. నందివాడ వైపు, ముదినేపల్లి వైపు నుంచి వచ్చినవాళ్లు పదీ పన్నెండూ అని చదువుతుంటే, నేను టీ గ్లాసు పట్టుకుని నేల చూసేవాణ్ణి. మా మీద పెద్దగా ఉన్న అయ్యగారు ఓ రోజు ద్రాక్షతీగె గురించీ, ఫలించని కొమ్మల్ని నరికెయ్యడం గురించీ చెప్పారు. బందరులో తోపుడుబండి మీద తప్ప నేను ద్రాక్ష ఎరుగను. కానీ కత్తి ఎవరి మీదకు వస్తోందో మాత్రం బాగా అర్థమైంది. కూడిక అయ్యాక ఆయన నన్ను ఆపి, "నీ దగ్గర సంఘం ఎలా ఉంది?" అన్నారు. "ఎదుగుతోందండి" అన్నాను. "అయితే వచ్చే నెల వచ్చి చూస్తా. అక్కడ పని ఉంచాలో తీసెయ్యాలో అప్పుడు చూద్దాం" అన్నారు.

తీసేస్తే నేను బందరు వెళ్లి అమ్మకు ఏ ముఖం చూపించాలి? దేవుడికిచ్చిన వస్తువును దేవుడే వద్దన్నాడని చెప్పాలా?

నాగాయలంక వైపు ఉండే తోటి సేవకుడు ఒకడికి నా గోడు చెప్పుకున్నాను. అతను నవ్వి, "ఇంతేనా బ్రదర్! మావాళ్లని ట్రాక్టరెక్కించి పంపిస్తా. నువ్వు పలావు పెట్టించు చాలు" అన్నాడు. అందరూ చేసేదే అన్నట్టు అన్నాడు. సరేనన్నాను.

ఆ ఆదివారం ట్రాక్టరు నిండా నలభైమంది దిగారు. తెల్లబట్టలు, రెండు డప్పులు. వాళ్లు పాట ఎత్తుకుంటే రేకులు అదిరాయి. అరువు మనుషులని తెలిసి కూడా నాకు ఏడుపొచ్చింది. ఆ షెడ్డులో నాది కాని గొంతు పాడగా వినడం అదే మొదలు. పెద్ద అయ్యగారు కళ్లు మూసుకుని తాళం వేస్తున్నారు.

సరిగ్గా అప్పుడే మామ్మ వచ్చింది. ఆవిడ కూర్చునే గుమ్మం దగ్గర ఎవరో లావుపాటి ఆవిడ కూర్చుని ఉంది. మామ్మ తట్ట కూడా దించకుండా తొంగిచూసి, పాట ఆగగానే గట్టిగా అడిగింది.

"ఇయ్యాల పెళ్లేంటండీ అయ్యగారూ? ఈళ్లంతా ఎవరండీ?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పెద్ద అయ్యగారు కళ్లు తెరిచి నన్ను చూసి, ఆవిడ వైపు తిరిగారు.

"నువ్వెవరమ్మా?"

"నేనాండీ? నేనీ గుడి మనిషినండి."

"బాప్తిస్మం తీసుకున్నావా?"

"అయ్యన్నీ నాకు తెలవ్వండి. ఆదోరం ఆదోరం వత్తానండి. ఎలా ఉన్నావు మామ్మా అంటారండి అయ్యగారు. ఇంటికాడ ఆ మాటనేవోళ్లు లేరండి." తట్ట దించి కొంగు ముడి విప్పింది. జనాన్ని ఓసారి చూసి, "ఇంతమందికి సరిపోవండి" అంటూ బియ్యం నా చేతుల్లో పోసి, కూర్చోకుండానే వెళ్లిపోయింది.

పలావు తిని ట్రాక్టరు వెళ్లిపోయింది. నేనూ పెద్ద అయ్యగారూ మిగిలాం. కోప్పడతారని చూశాను. కోప్పడలేదు.

"నువ్వెవరివి?" అన్నారు.

"సేవకుణ్ణండి."

"అది నీ పని. నువ్వెవరివని అడుగుతున్నా."

ఆ ముసలావిడ ఒక్క క్షణం కూడా తడుముకోకుండా చెప్పిన మాట, నాకు ఇరవయ్యారేళ్లు వచ్చినా నోటికి రాలేదు. అమ్మ ఇస్తే వచ్చినవాణ్ణి, కాగితంలో గళ్లు నింపాల్సినవాణ్ణి. అంతకు మించి నన్ను ఎవరైనా కోరుకుని పిలిచారని నేనెన్నడూ నమ్మలేదు. ఊరూరా దేవుడి పిలుపు గురించే చెప్పాల్సిన వాణ్ణి! సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువగా, చాలా ఒంటరిగా అనిపించింది.

"ఆ బియ్యం వండు" అన్నారు ఆయన. ఇద్దరం చింతకాయ పచ్చడితో తిన్నాం. వాసన గురించి ఆయన ఏమీ అనలేదు. జీపు ఎక్కుతూ, "రిపోర్టు ఈసారి నిజం రాయి" అని మాత్రం అన్నారు. పని ఉంటుందో ఊడుతుందో చెప్పలేదు.

తర్వాతి ఆదివారం చాపలు పరిచి కూర్చున్నాను. ఆవిడ రాదనే అనుకున్నాను. తన చోటు ఇంకెవరికో ఇచ్చేశాను కదా. ఆలస్యంగా వచ్చింది. తట్ట దించి, గుమ్మంలో నిలబడి నన్ను తేరిపార చూసింది.

"మీరెలా ఉన్నారండీ అయ్యగారూ?" అంది. "పోయిన ఆదోరం మీ మొకం బాలేదండి."

ఆ ఊరికి వచ్చాక నన్నా మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. నేను వలవలా ఏడ్చాను. ఆవిడ కంపు సంగతి మరిచిపోయినట్టుంది, మొదటిసారి గుమ్మం దాటి లోపలికి వచ్చి, చాప మీద నా పక్కన కూర్చుంది. ఆ రోజు వాక్యం చెప్పలేదు. అరగంట నేను చెప్పుకున్నాను, ఆవిడ విన్నది. కునుకు తియ్యలేదు.

ఆ నెల రిపోర్టులో బాప్తిస్మం దగ్గర లేదు అని రాశాను. హాజరు దగ్గర ఒకరు అని రాయబోయి ఆగి, ఇద్దరు అని రాశాను.